నిక్షేపమును కాపాడు వృత్తి: సర్వర్లు, స్టోరేజి వాల్యూముల నిర్వహణ

కంప్యూటరు విద్య నభ్యసించి పట్టము పుచ్చుకొనిన మన యువతీయువకులలో అనేకులు ప్రోగ్రాములు వ్రాయుటయే ఆ విద్యకు పరమావధి యని తలచుచున్నారు. ప్రోగ్రాము వ్రాయుట గొప్ప విద్యయే, సందేహము లేదు. కాని ఆ ప్రోగ్రాము పుట్టించు సమాచారము, అనగా బ్యాంకులో ఖాతాదారుని నిలువ, ఆసుపత్రిలో రోగి స్కానింగు చిత్రము, విశ్వవిద్యాలయములో విద్యార్థి మార్కుల పట్టిక, ఇవి యెల్ల రాత్రింబవళ్లు ఎచ్చట నుండును, ఎవరి రక్షణలో నుండును, యంత్రమొకటి చెడిపోయిననాడు ఏ యుపాయముచేత మరల లభించును అను ప్రశ్నలకు బాధ్యత వహించువారు వేరొక వర్గమువారు. వారినే స్టోరేజి అడ్మినిస్ట్రేటర్లందురు. పేరు అంతగా ప్రచారములో లేకపోయినను, వారి చేతిలో నున్న నిక్షేపము పరులది, అమూల్యమైనది.

ఈ వృత్తిలో ప్రవేశింపగోరువారికి ముందుగా చెప్పదగిన మాట యొకటి కలదు. స్టోరేజి సాఫ్ట్‌వేరులోని తెరలు, మెనూలు, బటన్లు కొన్ని వారములలో ఎవరికైనను పట్టుపడును. ఏ వాల్యూము ఏ సర్వరుది, ఏ మార్గమున దానిని చేరుచున్నది, దానిపై ఎవరి పని యాధారపడియున్నది అను సంబంధమును తప్పులేకుండ నెఱుగుటయు, చేయి కదల్చుటకు ముందు ఆ యెఱుకను మరల సరిచూచుకొనుటయు మాత్రము అభ్యాసముచేతను, మనోనిగ్రహముచేతను మెల్లగా సిద్ధించును. ఈ వృత్తికి మూలధనము అదియే.

వాల్యూము పుట్టిన విధము

తొలినాళ్లలో డిస్కు కంప్యూటరునకు అంగముగానే యుండెడిది. 1956లో ఐబీఎం సంస్థ వెలువరించిన 305 ర్యామాక్ యంత్రమునకు జతయైన 350 నమూనా డిస్కులో 24 అంగుళముల వ్యాసముగల పళ్లెములు 50 కలవు. అవి యన్నియు గలిసి దాచగలిగినది 50 లక్షల అక్షరములు మాత్రమే. క్రమముగా డిస్కులు చిన్నవై, చౌకయై, ప్రతి సర్వరులోను చేరినవి. అంతట నొక చిక్కు పుట్టినది. ఒక సర్వరున చోటు చాలక పని యాగుచుండగా, దాని సరసనున్న సర్వరులో సగము డిస్కు ఖాళీగా పడియుండెడిది. ఆ ఖాళీని ఈ కొఱతకు అందించు మార్గము లేకుండెను.

ఆ చిక్కు విడిపోవుటకు పలువురి కృషి తోడ్పడినది. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖకు చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ క్యాట్జ్ అను మువ్వురు, చౌకడిస్కులను అనేకముగా కూర్చి, వానిలో నొకటి చెడినను సమాచారము నశింపకుండునట్లు అమర్చు రెయిడ్ పద్ధతిని తమ పరిశోధనపత్రములో ప్రతిపాదించిరి. 1990లో ఈఎంసీ సంస్థ సిమెట్రిక్స్ అను డిస్కుల సముదాయ యంత్రమును విపణిలో ప్రవేశపెట్టెను. 1992లో స్టోరేజి యంత్రములను నిర్మించు నెట్‌యాప్ సంస్థ స్థాపితమయ్యెను. డిస్కులన్నియు సర్వర్లను విడిచి అర్రే అను ప్రత్యేక యంత్రములో నొక్కచోట చేరినవి. ఆ సమష్టి నిలువను పూల్ అందురు. దానినుండి అవసరమైనంత భాగమును విభజించి, ఒక పేరు పెట్టి, ఒక సర్వరునకు అప్పగించినచో, ఆ భాగమే వాల్యూము. సర్వరు దానిని తనలోపలి డిస్కుగానే భావించును. సర్వరునకును అర్రేకును నడుమ నున్న తీగెల, స్విచ్చిల వలయమును స్యాన్ అందురు. అందు ఫైబర్ ఛానెల్ ఒక మార్గము, 2004లో ప్రమాణముగా ప్రకటింపబడిన ఐస్కజీ మఱియొక మార్గము.

సర్వరునకు వాల్యూమును జతపరచుట

నిదర్శనమునకై డెల్ స్టోరేజి మేనేజరు అను సాఫ్ట్‌వేరును గైకొందము. 2011లో డెల్ సంస్థ కొనిన కాంపెలెంట్ శ్రేణి యంత్రములను నిర్వహించునది యిది. ఇందులో మొదటి పని సర్వరును నమోదు చేయుట. సర్వరునకు పేరు పెట్టవలెను. దానిపై నడచు ఆపరేటింగు సిస్టమును పేర్కొనవలెను. దానిలో అమర్చిన, స్యాన్‌తో దానిని కలుపు హెచ్‌బీఏ కార్డులను గుర్తించి చేర్చవలెను. ప్రతి ఫైబర్ ఛానెల్ కార్డు ద్వారమునకును డబ్ల్యూడబ్ల్యూఎన్ అను గుర్తుసంఖ్య కలదు; అది సాధారణముగా 16 హెక్సాడెసిమల్ అంకెలలో వ్రాయబడును. ఐస్కజీ యందు ఆ స్థానమును ఐక్యూఎన్ అను నామము ఆక్రమించును. పదునారంకెలలో ఒక్కటి తాఱుమాఱైనను కొత్త వాల్యూము పరాయి సర్వరునకు చేరవచ్చును, లేదా ఎవ్వరికిని చేరకపోవచ్చును. కావున ఆ సంఖ్యను చేతితో టైపు చేయక, సర్వరునుండి నేరుగా కాపీ చేసికొని, ఒక పర్యాయము చదివి సరిపోల్చుట ఈ వృత్తిలో మొదటి యాచారము.

రెండవ పని స్విచ్చియందు జోనింగు చేయుట. అనగా ఈ సర్వరు ద్వారము, ఈ అర్రే ద్వారము మాత్రమే పరస్పరము చూచుకొనవచ్చునని హద్దు ఏర్పఱచుట. మూడవది, కావలసిన పరిమాణముతో వాల్యూమును సృజించి, దానిని సర్వరునకు మ్యాపింగు చేయుట. అపుడు దానికి లన్ అను సంఖ్య యొకటి లభించును. నాలుగవది సర్వరువైపున జరుగును: బస్సును మరల స్కాన్ చేయించి, కనబడిన డిస్కు మనమిచ్చిన వాల్యూమే యగునా యని దాని గుర్తుసంఖ్యతో పోల్చి, ఫైల్‌సిస్టమును నిర్మించి, మౌంటు చేయవలెను. లినక్సులో ఎస్‌డీబీ, ఎస్‌డీసీ యను పేర్లు రీబూటు పిమ్మట మారవచ్చును గనుక, ఎఫ్‌స్టాబ్ ఫైలులో ఆ పేర్లు వ్రాయక యూయూఐడీ వ్రాయుట వివేకము.

ఒక సర్వరునకు సాధారణముగా రెండు కార్డులు, రెండు స్విచ్చిలు, అర్రేలో రెండు కంట్రోలర్లు ఉండును. ఒక మార్గము తెగినను మఱియొకటి పని నడుపుటకే ఈ జంటల ఏర్పాటు. ఒకే వాల్యూము నాలుగు మార్గములలో వచ్చినపుడు సర్వరు దానిని నాలుగు డిస్కులుగా భ్రమపడకుండ, ఒక్కటిగా చూపునది మల్టీపాత్ సాఫ్ట్‌వేరు. వాల్యూము కనబడినంతనే పని ముగిసినదని తలచక, మార్గములన్నియు సజీవముగా నున్నవో లేవో చూచినవాడే పూర్తిగా పనిచేసినవాడు. ఏలయనగా మార్గము ఒక్కటే యున్న లోపము ఆ దినమున కనబడదు. ఒక స్విచ్చిని మరమ్మతునకై నిలిపిననాడు, సర్వరుతోపాటు దాని నాశ్రయించిన వ్యాపారమంతయు నిలిచినపుడు కనబడును.

పూర్వము గ్రామకరణము ఏ సర్వే నంబరు పొలము ఏ రైతు సాగులో నున్నదో అడంగలులో వ్రాసియుంచి, ఆ వ్రాత తప్పినచో రెండు కుటుంబముల జీవనము తలక్రిందులగునను భయభక్తులతో కలము పట్టెడివాడు. స్టోరేజి సాఫ్ట్‌వేరులోని మ్యాపింగు పట్టిక యీ యుగపు అడంగలు. ఒకే వాల్యూమును రెండు విడి సర్వర్లకు పొరపాటున మ్యాపింగు చేసినచో ఏమగునో యాలోచింపుడు. ప్రతి సర్వరును ఆ డిస్కు తన యొక్కదానిదే యని నమ్మి, ఏ బ్లాకు ఖాళీయో ఏది నిండినదో తన జ్ఞాపకములో తానే లెక్క యుంచుకొనును. ఒకటి వ్రాసిన చోటనే రెండవది వ్రాయును. కొంతసేపటికి ఫైల్‌సిస్టము ఛిన్నాభిన్నమగును. రెండు సర్వర్లు ఒకే వాల్యూమును పంచుకొనవలసినచో, వానిని క్లస్టరుగా నమోదు చేసి, పంపకము నెఱిగిన ఫైల్‌సిస్టమునో, క్లస్టరు సాఫ్ట్‌వేరునో వాటిపై నడపవలెను. ఈ భేదమును చక్కగా గ్రహించిన విద్యార్థి యీ శాస్త్రములో సగము గ్రహించినట్లే.

పెంచుట, తొలగించుట

వాల్యూమును పెంచుట తఱచుగా వచ్చు పని. ముందు అర్రేలో పరిమాణము పెంచి, పిదప సర్వరులో స్కాన్ చేయించి, మల్టీపాత్ పరికరమును, ఎల్‌వీఎం పొరలను, తుదకు ఫైల్‌సిస్టమును క్రిందినుండి పైకి వరుసగా పెంచవలెను. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమును నడచుచుండగనే పెంచవచ్చును గాని, తగ్గించుట సాధారణముగా సాధ్యము కాదు. కావున అడిగినంత యిచ్చుటకు ముందు అవసరమెంతయో విచారించుట మేలు.

తొలగించునపుడు వరుస తలక్రిందగును. మొదట అప్లికేషను వారి యనుమతి వ్రాతమూలకముగా పొందవలెను. పిదప సర్వరులో అన్‌మౌంటు చేసి, ఎఫ్‌స్టాబ్ పంక్తిని, మల్టీపాత్ పరికరమును తొలగింపవలెను. ఆపైననే అర్రేలో మ్యాపింగును రద్దు చేయవలెను. అంతటితో ఆగి, కొన్నిదినములు వేచియుండుట పెద్దల పద్ధతి. మ్యాపింగు తీసివేయబడిన వాల్యూములో సమాచారము చెక్కుచెదరక యుండును. ఎవరైనను వచ్చి, అది మా నెలాఖరు లెక్కలది యని మొఱపెట్టుకొనినచో క్షణములో తిరిగి యీయవచ్చును. ఆ గడువు తీఱిన పిమ్మట చెరిపివేయుట న్యాయము. కాంపెలెంట్ శ్రేణిలో చెరిపిన వాల్యూము మొదట రీసైకిల్ బిన్నులో చేరును. ఆ సదుపాయము ఆపత్కాలమునకు మాత్రమే గాని, అజాగ్రత్తకు ఆలంబనము గారాదు.

ఇంక రెండు ప్రమాదములు ఆరంభకులకు కనబడవు. మొదటిది థిన్ ప్రొవిజనింగు. ఈ పద్ధతిలో 10 టెరాబైట్ల వాల్యూము నిచ్చినట్లు సర్వరునకు చూపినను, వ్రాసినంత మేరకే పూల్‌లో చోటు ఖర్చగును. ఇందుచే ఖర్చు తగ్గును. కాని యిచ్చిన వాగ్దానముల మొత్తము ఉన్న చోటును మించుటకు అవకాశము కలుగును. పూల్ పూర్తిగా నిండిననాడు తమ వాల్యూములో ఖాళీ యున్నదని నమ్మియున్న సర్వర్లు సైతము వ్రాయలేక ఆగిపోవును. కావున పూల్ ఎంతమేరకు నిండినదో ప్రతిదినము చూచి, అది పెరుగు వేగమును గణించి, కొత్త డిస్కులు తెప్పించుటకు పట్టు కాలమును ముందే లెక్కలోనికి దీసికొనవలెను. రెండవది, ఒక క్షణమున వాల్యూము ఉన్న స్థితిని నిలుపు స్నాప్‌షాటునే బ్యాకప్ అని భ్రమించుట. స్నాప్‌షాటు అదే యర్రేలో నుండును. అర్రే నశించిన అదియు నశించును. మూడు ప్రతులు, రెండు విధములైన మాధ్యమములు, ఒకటి వేరొక స్థలమున అను నియమము ఇందులకే యేర్పడినది. పునరుద్ధరణ చేసి చూడని బ్యాకప్‌ను నమ్మరాదు.

ఎవరికి తగును, ఏమి చదువవలెను

బీటెక్, ఎంసీఏ, బీసీఏ, బీఎస్సీ కంప్యూటర్సు చదివినవారికేగాక, పాలిటెక్నిక్ డిప్లొమాతో ఆరంభించి అనుభవముచే పైకెదుగువారికిని ఇందు చోటు కలదు. డిగ్రీకంటె ముఖ్యమైనవి మూడు విషయములు. మొదటిది లినక్సు, రెండవది నెట్‌వర్కింగు మూలసూత్రములు, మూడవది విండోస్ సర్వరు, వీఎంవేరు వంటి వర్చువలైజేషను వేదికల పరిచయము. ఈ పునాది లేక నేరుగా ఏదో యొక సంస్థవారి స్టోరేజి కోర్సులో చేరినవారు తెరలను కంఠస్థము చేయుదురు గాని, తెరవెనుక జరుగుదానిని గ్రహింపలేరు.

శిక్షణకై సీడాక్ సంస్థ నిర్వహించు ఐటీ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్, సిస్టమ్స్, సెక్యూరిటీ పీజీ డిప్లొమా చక్కని మార్గము. రెడ్ హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్షలో ప్రశ్నలకు గుర్తులు పెట్టుట కాక, యంత్రముపై పని చేసి చూపవలసియుండును. అందులో స్టోరేజి, ఎల్‌వీఎం విషయములును కలవు గనుక దానిని మొదట సాధించుట లాభకరము. ఆ తరువాత నెట్‌యాప్ వారి ఎన్‌సీడీఏ గాని, డెల్ వారి స్టోరేజి పరీక్షలు గాని వ్రాయవచ్చును. ఈఎంసీ సంస్థ విద్యావిభాగము సంకలనము చేసిన ఇన్ఫర్మేషన్ స్టోరేజ్ అండ్ మేనేజ్‌మెంట్ అను గ్రంథము ఏ యొక్క యంత్రమునకును పరిమితము గాక శాస్త్రమును సాంగముగా బోధించును; దానిని తొందరలేక చదువుడు.

స్వభావము విషయమై యొక మాట. క్రమముగా వ్రాసిపెట్టుకొను అలవాటు, అర్ధరాత్రి పిలుపు వచ్చినను కలవరపడని స్థైర్యము, తెలియనిచో తెలియదని చెప్పు నిజాయితీ యున్నవారు ఇందు రాణింతురు. వంతులవారీగా రాత్రిపనులు, సెలవుదినములలో మార్పులు చేయు పనులు తప్పవు. ఆ సంగతి నెఱిగియే ప్రవేశింపవలెను.

ఇంటియొద్ద సాధన

లక్షల రూపాయల అర్రే లేకయే యీ విద్యను అభ్యసింపవచ్చును. 16 జీబీ మెమరీగల ల్యాప్‌టాప్‌పై ఉచితముగా లభించు వర్చువల్‌బాక్స్ నిలిపి, మూడు లినక్సు యంత్రములను సృష్టింపుడు. మొదటిదానిలో టార్గెట్‌సీఎల్‌ఐ అను సాధనముతో ఐస్కజీ టార్గెటును నిర్మించి, దానినే మీ అర్రేగా భావింపుడు. తక్కిన రెంటిని సర్వర్లుగా చేసి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క వాల్యూము కేటాయించి, ఒకదాని వాల్యూము రెండవదానికి కనబడకుండునట్లు హద్దు పెట్టుడు. ప్రతి సర్వరునకు రెండేసి నెట్‌వర్కు కార్డులు అమర్చి, మల్టీపాత్ ఏర్పఱచి, ఫైలు వ్రాయుచుండగా ఒక కార్డును ఆపివేసి, వ్రాత సాగుచున్నదో లేదో గమనింపుడు. ఎండీఏడీఎం సాధనముతో రెయిడ్ నిర్మించి, ఒక డిస్కును చెడినట్లు ప్రకటించి, క్రొత్తదానితో పునర్నిర్మాణము చేయుడు. తుదకు ఒకే వాల్యూమును బుద్ధిపూర్వకముగా రెండు సర్వర్లకు నిచ్చి, రెంటిలోను మౌంటు చేసి, అందలి ఫైళ్లు ఎట్లు పాడగునో కన్నులార చూడుడు. ఆ దృశ్యము నూఱు పాఠములకంటె లోతుగా మనస్సున నాటును. చేసిన ప్రతి పనిని, వచ్చిన ప్రతి దోషమును, దానికి కనుగొనిన పరిష్కారమును నోటు పుస్తకములో వ్రాసికొనుడు. ఉద్యోగమునకై వెళ్లిననాడు ఆ పుస్తకమే మీకు అనుభవపత్రము.

ఉద్యోగములు, పురోగతి

తొలి యుద్యోగము సాధారణముగా ఎల్1 శ్రేణిలో నుండును: హెచ్చరికలను గమనించుట, చెడిన డిస్కును మార్పించుటకై సంస్థవారిని పిలుచుట, టికెట్లు నమోదు చేయుట. ఎల్2లో వాల్యూములు సృజించుట, జోనింగు, వలసమార్పులు చేయుదురు. ఎల్3లో వేగము తగ్గుటకు కారణములు శోధించుట, రెండు నగరముల నడుమ ప్రతిరూపణము నిర్మించుట వంటి గహనమైన పనులుండును; ఆపైన ఆర్కిటెక్టు పదవి. ఎల్1లోని పనిని నీరసమని తలచి ఆరునెలలకే విడిచిపోవువారు, యంత్రములు ఎట్లు చెడునో తెలిసికొను అవకాశమును గోల్పోవుదురు.

అవకాశములు మన చెంతనే కలవు. చెల్లింపుల సమాచారమును భారతదేశమునందే నిలువయుంచవలెనని రిజర్వు బ్యాంకు 2018లో ఆదేశించినది. బ్యాంకింగు సాంకేతిక పరిశోధనకై 1996లో స్థాపితమైన ఐడీఆర్‌బీటీ హైదరాబాదులోనే యున్నది. షాద్‌నగరున ఉపగ్రహసమాచారమును గ్రహించు జాతీయ దూరసంవేదన కేంద్రమునకు దానిని తరతరములకు భద్రపఱచు భారము కలదు. అమెజాన్ సంస్థ 2022లో హైదరాబాదున తన క్లౌడ్ కేంద్రములను ప్రారంభించినది. గూగుల్ సంస్థ 2025 అక్టోబరులో విశాఖపట్టణమున మహాకేంద్రమును నిర్మింప నున్నట్లు ప్రకటించినది.

క్లౌడ్ వచ్చిన పిమ్మట ఈ వృత్తి యుండునా యని పలువురు శంకింతురు. అమెజాన్ సంస్థ 2008లో ప్రవేశపెట్టిన ఈబీఎస్ సేవలో సయితము వాల్యూమును సృజించి సర్వరునకు జతపఱచుటయే పని. ఆ రెండును ఒకే అవైలబిలిటీ జోనులో నుండవలెను. క్యూబర్నెటీసులో పర్సిస్టెంటు వాల్యూము, దానిని కోరు క్లెయిము అను పేర్లతో అదే సంబంధము కనబడును. పేర్లు మాఱును, తత్త్వము మాఱదు. అయితే ఒకే పనిని నూఱు పర్యాయములు మౌస్‌తో చేయువాని యవసరము తగ్గుచున్నమాట నిజము. కావున పైథాన్, యాన్సిబుల్ నేర్చి, పునరావృతమగు పనులను స్క్రిప్టులకు అప్పగించుట యలవఱచుకొనుడు. స్క్రిప్టు చేయు తప్పు ఒక్కమారుగా నూఱు వాల్యూములపై పడును గనుక, సంబంధజ్ఞానము పూర్వముకంటె నేడు మఱింత ముఖ్యమైనది.

ఇంటర్వ్యూకు సిద్ధపడుట

రెయిడ్ 5లో ఒక డిస్కు, రెయిడ్ 6లో రెండు డిస్కులు చెడినను సమాచారము నిలుచునని చెప్పుటతో ఆగక, 4 టెరాబైట్ల డిస్కులు 8 ఉన్నపుడు రెయిడ్ 6లో 24 టెరాబైట్లే లభించునని లెక్క వేసి చూపుడు. స్యాన్ బ్లాకుల నందించునని, న్యాస్ ఫైళ్ల నందించునని సోదాహరణముగా వివరింపుడు. తఱచుగా అడుగు ప్రశ్న యొకటి: క్రొత్త వాల్యూము సర్వరులో కనబడుట లేదు, ఏమి చేయుదురు? దీనికి తోచిన మాటలు చెప్పక, తీగె సజీవమో కాదో, కార్డు స్విచ్చిలో నమోదైనదో లేదో, జోనింగు సరియో కాదో, మ్యాపింగులో సర్వరు అదియేనో కాదో, స్కాన్ చేసితిరో లేదో, మల్టీపాత్ దానిని స్వీకరించినదో లేదో వరుసగా చెప్పినచో, ప్రశ్నించువారు మీ యాలోచనాక్రమమును గ్రహింతురు. వారు వెదకునదియు నదియే.

ఉద్యోగమున చేరిన పిమ్మట తొందర పెట్టువారు తప్పక యుందురు. అప్లికేషను ఆగినదని, పైవారు వేచియున్నారని, ఈ వాల్యూమును వెంటనే తీసివేయుమని అడుగుదురు. వారి యాతురత న్యాయమైనదే కావచ్చును. కాని వాల్యూములోని సమాచారము వారిదియు గాదు, మీదియు గాదు. దానిని నమ్మి యప్పగించిన ప్రజలది. అట్టివేళ స్వరము పెంచక, వినయము విడువక, "సర్, ఒక్క నిమిషము, సరిచూచి చేసెదను" అని పలికి, నిజముగా సరిచూడుడు. ఆ యొక్క మాటను ఉద్యోగపు తొలిదినమునుండియే అలవఱచుకొనిన యువకుని, యువతిని ఏ సంస్థయు సులభముగా వదలుకొనదు. వారి చేతికి పెద్దపెద్ద బాధ్యతలు తమంతట తామే వచ్చి చేరును.